పాత ల్యాప్‌టాపు - కొత్త ఆపరేటింగ్ సిస్టమ్

ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. పాత ఇంటిలో కాపురముండగనే దానిని బాగుచేయించి చూడుమని కూడ వారు అనియుండవలసినది. పాత ల్యాప్‌టాపులో ఆపరేటింగ్ సిస్టమును మార్చుట అటువంటి పనియే. తెలుగు బోధించు మాకు యంత్రముల గొడవ ఏల యని విద్యార్థులు నవ్వవచ్చును. కాని నేడు వ్యాసరచన మొదలు ఉపకారవేతనపు దరఖాస్తు వరకు అన్నియు ఆ యంత్రము ద్వారానే జరుగుచున్నవి. కావున ఈ విషయమును గూర్చి మాకు తెలిసినంతవరకు ఇచ్చట వివరింప దలచితిమి.

ఆపరేటింగ్ సిస్టమ్ అనగానేమి?

కళాశాల కార్యాలయమును తలచుకొనుడు. ఏ తరగతికి ఏ గది, ఏ గంటకు ఏ పాఠము, ఏ రిజిస్టరు ఏ బీరువాలో ఉండవలెను, గేటులోనికి ఎవరిని రానీయవలెను - ఇవి యన్నియు నిర్ణయించు కార్యాలయము లేనిచో ఎంత గొప్ప అధ్యాపకులున్నను కళాశాల నడువదు. కంప్యూటరులో ప్రాసెసరు కాలమును, ర్యామ్ అను జ్ఞాపకశక్తిని, డిస్కులోని ఫైళ్ళను, భద్రతను ఇట్లు పంచి నడుపునదే ఆపరేటింగ్ సిస్టమ్. మనము వ్రాయుటకు, చూచుటకు వాడు ప్రోగ్రాములన్నియు దాని అనుమతితోనే పనిచేయును.

ఎందుకు మార్చవలెను?

మైక్రోసాఫ్టు సంస్థ విండోస్ 10ను 2015 జూలై 29న విడుదల చేసినది. 2025 అక్టోబరు 14తో దానికి సాధారణ మద్దతు ముగిసినది. మద్దతు ముగియుట యనగా యంత్రము ఆగిపోవుట కాదు. గోడకు కొత్తగా కన్నము పడినచో పూడ్చు మేస్త్రి ఇక రాడని అర్థము. ఇంటర్నెట్టుతో సంబంధము లేని యంత్రమునకు దీనివలన ముప్పు తక్కువ. బ్యాంకు పనులకు, దరఖాస్తులకు వాడు యంత్రమునకు ఎక్కువ.

విండోస్ 11 విడుదలైనది 2021 అక్టోబరు 5న. దానికి 4 జీబీ ర్యామ్, 64 జీబీ నిలువచోటు చాలునని చెప్పినను, చిక్కు అచ్చట లేదు. టి.పి.ఎం. 2.0 అను భద్రతా భాగము, సెక్యూర్ బూట్ అను ఏర్పాటు ఉండవలెను. ఇంటెల్ ప్రాసెసర్లలో ఇంచుమించుగా 8వ తరము, అంతకు తరువాతివి మాత్రమే ఆమోదిత జాబితాలో చేరినవి. అందువలన చక్కగా పనిచేయుచున్న అనేక పాత యంత్రములు గడప బయటనే నిలిచిపోయినవి.

ఒక విద్యార్థిని ప్రశ్న

మా డిగ్రీ విద్యార్థిని యొకతె తన ల్యాప్‌టాపును తెచ్చి మా బల్లపై పెట్టినది. "సార్, ఇది ఇక పనికిరాదు, కొత్తది కొనుడని దుకాణములో చెప్పినారు. అబ్బాజాన్ దర్జీ పని చేసి రెండేండ్లు కూడబెట్టి దీనిని సెకండ్‌హ్యాండులో కొన్నారు. వారితో ఈ మాట ఎట్లు చెప్పుదును?" అన్నది.

చూచితిమి. 5వ తరము ప్రాసెసరు, 4 జీబీ ర్యామ్, తిరుగుడు పళ్ళెము గల పాత హార్డ్‌డిస్కు. తెరకు, కీబోర్డుకు ఏ లోపమును లేదు. అట్టి యంత్రమునకు మూడు దారులు కలవు.

మొదటిది, విండోస్ 10నే ఉంచి, గృహ వినియోగదారులకై 2025లో ప్రకటించిన అదనపు భద్రతా అప్‌డేట్లను పొందుట. అప్పుడు ప్రకటించిన గడువు 2026 అక్టోబరు 13 వరకు. గుడ్డికన్న మెల్ల మేలు అన్నట్లు ఇది కొంత నయమే గాని, గడువు పరిష్కారము కాజాలదు.

రెండవది, తనిఖీలను తప్పించి అడ్డదారిన విండోస్ 11 ఎక్కించుట. అట్టి యంత్రములకు అప్‌డేట్లు అందునను హామీ లేదని మైక్రోసాఫ్టువారే చెప్పినారు. ఉన్నది ఒక్కటే యంత్రమైన విద్యార్థికి ఈ దారిని మేము సూచింపము.

మూడవది, లినక్సు. 1991లో ఫిన్లాండు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ ప్రారంభించిన కెర్నెల్ దీనికి మూలము. దానిపై నిర్మించిన ఉబుంటు, లినక్స్ మింట్ వంటివి వెల లేకుండ లభించును. లినక్స్ మింటుకు కనీసము 2 జీబీ ర్యామ్ కావలెను, 4 జీబీ ఉన్నచో సుఖము. 2024లో వచ్చిన మింట్ 22కు 2029 వరకు మద్దతు ప్రకటింపబడినది.

మేము చేసిన తప్పు

ఈ బాలికకు సలహా చెప్పుటకు ముందు మా తప్పును చెప్పవలసివచ్చినది. కొన్నేండ్ల క్రిందట మా శాఖలోని పాత యంత్రమునకు మేమే ఆపరేటింగ్ సిస్టమును మార్చితిమి. డాక్యుమెంట్స్ అను ఫోల్డరుకు నకలు తీసికొని, ఇక భయము లేదని డిస్కు నంతటిని తుడిచివేసితిమి. పదవీ విరమణ చేసిన మా ఉర్దూ సహోద్యోగి తాను సేకరించిన సామెతలను, వాని తెలుగు అర్థములను డిస్కులోని మరొక భాగమున దాచుకొన్న సంగతి మేము అడుగలేదు. చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొని లాభమేమి? ఆ పెద్దలు కోపపడలేదు. "కాగితమైనచో చెదలకు తినుటకు పదేండ్లు పట్టెడిది. మీరు అరగంటలో ముగించినారు" అని మాత్రము అన్నారు. ఆ మాట మాకు నేటికిని పాఠమే.

లిపి సమస్య

రెండు భాషల కళాశాలలో ఇంకొక జాగ్రత్త కూడ అవసరము. మన పాత సంచికల ఫైళ్ళలో ఉర్దూ ఇన్‌పేజులోను, తెలుగు అను ఫాంట్లలోను ఉన్నవి. ఇవి తమ తమ సొంత సంకేతములను వాడిన పాత పద్ధతులు. ఫాంటు లేనిచో ఆ తెలుగు పుట అర్థము లేని గుర్తుల గుంపుగా కనబడును. ఇన్‌పేజు విండోస్ కొరకు చేసినది, లినక్సులో నేరుగా నడువదు. కావున సిస్టమును మార్చుటకు ముందే ఫాంట్లను కూడ దాచి, ప్రతి ఫైలుకు ఒక పి.డి.ఎఫ్. ప్రతిని తీసి, వీలైనచో యూనికోడులోనికి మార్చుకొనవలెను. 1991 నాటి మొదటి యూనికోడు ప్రమాణములోనే తెలుగునకును, ఉర్దూ వ్రాయు అరబీ లిపికిని చోటు దొరికినది. యూనికోడులో వ్రాసినది విండోసులోనైనను, లినక్సులోనైనను అదే అక్షరముగా నిలుచును.

చేయవలసిన క్రమము

1. సిస్టమ్ ఇన్ఫర్మేషన్ అను ప్రోగ్రాము తెరచి ప్రాసెసరు, ర్యామ్ వివరములను వ్రాసికొనవలెను. విండోస్ 11కు అర్హత కలదో లేదో పి.సి. హెల్త్ చెక్ అను ప్రోగ్రాము చెప్పును.

2. డిస్కులోని అన్ని భాగములను, డెస్క్‌టాపును వెదకి, యంత్రము వాడినవారి నందరిని అడిగి, రెండు వేర్వేరు చోట్ల నకళ్ళు ఉంచవలెను. ఆ నకళ్ళను మరొక యంత్రములో తెరచి చూడవలెను. తెరచి చూడని నకలు నకలు కాదు.

3. విండోస్ లేనిదే నడువని ప్రోగ్రాము ఏదైన తప్పనిసరియా యని విచారింపవలెను. తప్పనిసరియైనచో లినక్సు తగదు.

4. 8 జీబీ పెన్‌డ్రైవులో లినక్సును సిద్ధము చేసి, డిస్కును తాకకుండ దానినుండియే యంత్రమును నడిపి చూడవలెను. వైఫై, శబ్దము, కెమెరా, తెలుగు, ఉర్దూ కీబోర్డులు పనిచేసిన తరువాతనే ముందుకు పోవలెను.

5. బ్యాటరీని పూర్తిగా నింపి, ఛార్జరు తగిలించియే పని ప్రారంభింపవలెను. నడుమ విద్యుత్తు పోయినచో సగము కట్టిన గోడవలె మిగులును.

ఆ విద్యార్థిని ఈ క్రమమునే అనుసరించినది. పాత హార్డ్‌డిస్కు తీయించి ఎస్.ఎస్.డి. వేయించినది. అది కొత్త ల్యాప్‌టాపు వెలలో స్వల్పభాగమే. తీసిన డిస్కును తుడువక అట్లే భద్రపరచుమంటిమి. అదియు ఒక నకలే గదా! వారము గడచిన పిదప ఆమె లిబ్రె ఆఫీసులో ఒక పుట తెచ్చి చూపినది. ఎడమనుండి కుడికి తెలుగు, దాని క్రింద కుడినుండి ఎడమకు ఉర్దూ. "అబ్బాజాన్‌కు కొత్తది కొనుమని చెప్పలేదు సార్" అన్నది.

విద్యార్థులారా! పాతదగుట దోషము కాదు. దానిలో ఏమున్నదో తెలిసికొనక తుడిచివేయుట దోషము. యంత్రమును మార్చుడు, సిస్టమును మార్చుడు. కాని మార్చుటకు ముందు ఒక్క ప్రశ్న తప్పక అడుగుడు: ఇందులో ఎవరి వ్రాత కలదు?