కడలి దిమ్మరులు

విశాఖపట్టణమున ద్వారకానగర్ మిక్కిలి సందడిగల పేట. ఊళ్లకు పోవు బస్సులు నిలుచు కాంప్లెక్సు అచ్చటనే యున్నది. పౌర గ్రంథాలయమును ఆ పేటలోనిదే. అక్కడినుండి సముద్రము రెండు మూడు కిలోమీటర్ల దూరమునకు మించదు. అయినను ఆ వీధులలో తిరుగాడువారిలో పెక్కురకు సముద్రమనగా ఏడాది పొడవునను ఒక్కటే: నీలపు నీరు, తెల్లని నురుగు, ఉప్పుగాలి. తోటలో ఋతువు మారినచో మామిడిచెట్టు చెప్పును. పొలములో మారినచో పైరు చెప్పును. సముద్రమున ఋతువు మారుట కంటికి కానరాదు. కాని మారును. మార్చి నెలలో లాసన్స్ బే యొద్ద ముంచిన కడివెడు నీటిలోని ప్రాణులకును, నవంబరులో అదే చోట ముంచిన కడివెడు నీటిలోని ప్రాణులకును ఎంతో భేదముండును.

ఈ భేదము మనకు తెలియకున్నను చేపలకు తెలియును. 1803వ సంవత్సరమున లండను నగరములో ఒక పెద్ద గ్రంథము వెలువడెను. ప్యాట్రిక్ రస్సెల్ అను స్కాట్లండు వైద్యుడు అంతకు పూర్వము విశాఖపట్టణమున నివసించి, ఇచ్చట దొరకు 200 చేపలను బొమ్మలతో వర్ణించి ఆ గ్రంథమును సిద్ధపరచెను. చేపల పేర్లను ఆయన ఇచ్చటివారు పలికినట్లే వ్రాసికొనెను. అట్లు వ్రాసికొన్న వానిలో 'కానగుర్త' యొకటి. 1816లో ఫ్రాన్సు దేశపు శాస్త్రజ్ఞుడు క్యూవియే ఆ తెలుగు పేరునే శాస్త్రనామమున నిలిపెను. నేడు జపానువాడైనను, ఆఫ్రికావాడైనను శాస్త్రమున ఆ చేపను చెప్పవలసివచ్చినపుడు 'రాస్ట్రెల్లిగర్ కానగుర్త' అనియే చెప్పవలెను. విశాఖ రేవులో పుట్టిన మాట ఇంత దూరము ప్రయాణము చేసినదని మన ఊరివారిలో ఎందరకు తెలియును!

ఈ కానగుర్త గుంపులు గుంపులుగా నోరు తెరచుకొని ఈదును. దాని మొప్పలలో దువ్వెనపండ్లవంటి సన్నని ముండ్లు దట్టముగా నుండును. నోటిలోనికి వచ్చిన నీరు మొప్పలగుండ బయటికి పోవును. నీటిలోని సూక్ష్మప్రాణులు ఆ దువ్వెనకు చిక్కి ఆహారమగును. నెత్తళ్లును, కవళ్లును ఇట్టి సూక్ష్మప్రాణులపైననే ఆధారపడి బ్రతుకును. పెద్ద చేపలు ఈ చిన్న చేపలను తినును. కావున జాలరి వలలో పడు చేపకు మూలమేదని వెదకుచు పోయినచో, చివరకు కంటికి ఆనని ఈ ప్రాణులయొద్ద ఆగవలసివచ్చును.

వీనికి ప్లవకములని పేరు. ప్లవకమనగా తేలునది. 1887లో జర్మనీ దేశీయుడైన విక్టర్ హెన్సెన్ వీనికి 'ప్లాంక్టన్' అని పేరు పెట్టెను. ఆ మాటకు గ్రీకు భాషలో దిమ్మరి యని అర్థము. ప్రవాహమునకు ఎదురీద జాలక, అది యెటు తీసికొనిపోయిన అటు పోవునవి గాన ఆ పేరు చక్కగా కుదిరినది. వీనిలో సూర్యరశ్మితో ఆహారమును తయారుచేసికొనునవి వృక్షప్లవకములు. వానిని మేయునవియు, ఒకదానినొకటి తినునవియు జంతుప్లవకములు.

జంతుప్లవకములలో అగ్రస్థానము కోపిపోడులది. బియ్యపుగింజకన్న చిన్నవియై, పొడవైన మీసములతో, తెడ్లవంటి కాళ్లతో నుండు ఈ జీవులు సముద్రపు నీటిని వడగట్టినపుడు తరచుగా నూటికి 70కి పైగా కనబడును. వెచ్చని నీటిలో గ్రుడ్డునుండి పెద్దదగుటకు వీనికి రెండు మూడు వారములు చాలును. అందుచేత మేత దొరికినపుడు ఇవి శీఘ్రముగా పెరుగును. మేత కొరవడినపుడు అంత శీఘ్రముగానే తరుగును. ఇవిగాక గాజుపుల్లవలె పారదర్శకమై, దవడల ముండ్లతో కోపిపోడులను పట్టితిను బాణపుపురుగులు కలవు. జెల్లీచేపలు, వాని చుట్టములైన సైఫనోఫోరులు, పెంకులోపల మెరయు నీటిఈగలు, తోకగల చిన్న ఓయికోప్ల్యూరాలు కలవు.

ఇవి యన్నియు జన్మమంతయు తేలుచునే యుండునవి. మరికొన్ని బాల్యమున మాత్రమే దిమ్మరులు. పీతలు, రొయ్యలు, ఆలుచిప్పలు, నత్తలు, చేపలు తమ పిల్లతనమును ఈ గుంపులోనే గడపును. పీతపిల్లకు తలపై పొడవైన ముల్లును, పెద్ద కన్నులును ఉండును. అది తల్లిని ఇసుమంతయు పోలదు. అందుచేత పూర్వపు శాస్త్రజ్ఞులు దానిని వేరొక జాతి జంతువనుకొని 'జోయియా' అని పేరు పెట్టిరి. ఐర్లండులో సైనిక వైద్యుడుగా నుండిన జాన్ వాన్ థాంప్సన్ సన్నని గుడ్డవలను పడవ వెనుక ఈడ్చి ఆ జోయియాలను పట్టి, అవి పీతపిల్లలేయని 1828 ప్రాంతమున నిరూపించెను. అప్పటికి పేరుగల పండితులు కొందరు నమ్మలేదు. పీత పిల్లలను కన్నప్పుడు చూచిన జాలరిని అడిగియున్న తగవు ఏనాడో తీరెడిదేమో!

థాంప్సన్ వాడిన వలవంటిదానినే విశాఖ తీరమున ఆంధ్ర విశ్వవిద్యాలయమువారును వాడిరి. వాల్తేరు మెట్టమీదనున్న ఆ విశ్వవిద్యాలయమున జంతుశాస్త్రాచార్యులైన పి.ఎన్. గణపతిగారు, వారి శిష్యులు 1950 దశాబ్దమునుండి ఈ తీరపు ప్లవకములను పట్టి లెక్కించుట కారంభించిరి. లాసన్స్ బే వారికి ముఖ్యమైన పరిశోధనస్థలము. పెద జాలరిపేటకు చేరువనున్న ఆ చిన్న వంకలో వారు ప్లవకములను లెక్కించిన విధమును 1958లో ప్రకటించిరి. ఆ కాలముననే, 1952లో అమెరికాదేశపు సముద్రశాస్త్రజ్ఞుడు యూజీన్ లఫాండ్ విశ్వవిద్యాలయమునకు వచ్చి, ఇచ్చటి నీటి వేడిని, ఉప్పును, ప్రవాహములను పరిశీలించుటలో యువకులకు శిక్షణ ఇచ్చెను. జంతువులను లెక్కించువారును, నీటిని కొలచువారును ఒకే ఊరిలో కలిసికొనుట వలన ఋతువుల రహస్యము తేటపడెను.

ఆ రహస్యమిది. మన తీరము నైరృతినుండి ఈశాన్యమునకు సాగియున్నది. ఫిబ్రవరి మొదలు మే వరకు సముద్రపు ప్రవాహము తీరము వెంబడి ఉత్తరముగా పోవును. గాలియు ఆ దిశకే వీచును. భూభ్రమణము వలన ఉత్తరార్ధగోళమున గాలిచే కదలింపబడిన పైనీరు కుడివైపునకు ఒరగును. ఇచ్చట కుడివైపనగా ఒడ్డునుండి దూరముగా సముద్రములోనికి. పైనీరు అట్లు తొలగిపోగా ఆ చోటును నింపుటకు అడుగునీరు పైకి వచ్చును. దానిని స్పృశించిన చల్లగా నుండును. అంతకన్న ముఖ్యమైనది, అడుగున చేరిన నైట్రేటులు, ఫాస్ఫేటులు దానితో పైకి వచ్చును. పొలమునకు ఎరువు వేసినట్లగును. వెలుతురు పుష్కలముగానుండు ఆ దినములలో డయాటములను వృక్షప్లవకములు విస్తారముగా పెరుగును. వాని వెంటనే వానిని మేయు కోపిపోడులు పెరుగును. కోపిపోడుల వెంట బాణపుపురుగులు. ఒక్కొక్కప్పుడు డయాటముల రద్దీచే తీరపు నీటి రంగే మారును. ఆస్టీరియోనెల్లా అను డయాటము వలన వాల్తేరు తీరమున నీరు రంగు మారిన వృత్తాంతమును డి.వి. సుబ్బారావుగారు 1969లో ఒక అంతర్జాతీయ పత్రికలో ప్రకటించిరి. సముద్రతీరమునకు షికారు వచ్చువారు అట్టి నీటిని చూచి మురికియని ముక్కు మూసికొందురు. అది కానగుర్తకు విందు.

వర్షకాలము ముగియునప్పటికి కథ తలక్రిందులగును. గంగ, మహానది మొదలగు నదులు వానకాలపు నీటిని బంగాళాఖాతములో కుమ్మరించును. అక్టోబరు మొదలు డిసెంబరు వరకు ప్రవాహము దక్షిణముగా తిరిగి ఆ మంచినీటి కలయికను మన తీరమునకు కొనివచ్చును. వేసవిలో వేయి గ్రాముల నీటిలో 34 గ్రాముల వరకు నుండు ఉప్పు, ఈ నెలలలో 25 గ్రాముల సమీపమునకు దిగును. తేలికయైన ఈ నీరు పైన మూతవలె పరచుకొని అడుగునీటిని పైకి రానీయదు. ఉప్పునీటికే అలవాటుపడిన నడిసముద్రపు జీవులు తగ్గును. ఉప్పు హెచ్చుతగ్గులకు ఓర్చుకొనగల తీరపు జాతులు నిలుచును. అయినను నదులు తెచ్చిన పోషకములవలన ఈ కాలమున కూడ ఒక చిన్న పెరుగుదల కలుగుచుండును. పెద్ద పంట వేసవికి ముందు, చిన్న పంట వానలు వెనుదీయు వేళ. రైతుకు రెండు పంటలున్నట్లే సముద్రమునకును రెండు పంటలు.

ఈ జీవులను చూచి నీటి పుట్టుకను కూడ పోల్చుకొనవచ్చును. ఇంగ్లీషు కాలువలో 1930 దశాబ్దమున రస్సెల్ అను మరియొక శాస్త్రజ్ఞుడు ఒక జాతి బాణపుపురుగు ఉన్నచో అది బయటి సముద్రపు నీరనియు, వేరొక జాతి ఉన్నచో కాలువలోని నీరనియు గుర్తించెను. నీరు మాటలాడదు, దానితో కొట్టుకొనివచ్చిన పురుగు దాని ఊరు చెప్పును.

ఇంతవరకు కాలమును గూర్చి చెప్పితిమి. స్థలమును అంతే ముఖ్యము. లాసన్స్ బే తెరిచిన వంక. బయటి సముద్రము దానిని ఎప్పుడును కడుగుచుండును. అక్కడికి కొన్ని కిలోమీటర్ల దక్షిణముగా డాల్ఫిన్స్ నోస్ కొండ ప్రక్కను రేవు ఉన్నది. 1933లో ప్రారంభమైన ఆ రేవు లోపలి భాగము ఇరుకైన కాలువ ద్వారా మాత్రమే సముద్రముతో కలియును. మేఘాద్రిగెడ్డ నీరు అందులోనికి వచ్చును. ఊరి మురుగు, కర్మాగారముల నీరు, ఓడల నూనె దశాబ్దములుగా అందులో చేరుట వలన నీటిలో ప్రాణవాయువు తగ్గుచు వచ్చినది. అట్టిచోట ప్లవకములు ఉండవని ఎవరైన అనుకొనిన అది సరికాదు. కలుషితమైన నీటిలో జాతుల సంఖ్య తగ్గును; ఓర్చుకొనగల కొద్ది జాతులు మాత్రము పోటీ లేక లెక్కకు మిక్కిలిగా పెరుగును. సీసాలోని ప్రాణుల మొత్తమును మాత్రమే చూచిన రేవునీరే సంపన్నమని తోచును. జాతులను వేరుచేసి లెక్కించిననే నిజము తెలియును.

రేవునకు ఇంకొక విశేషము కలదు. ఓడలు సరకును మాత్రమే తీసికొనిరావు. 1967లో విశాఖ రేవులో మునుపెన్నడును ఎరుగని ఒక చిన్న ఆలుచిప్పజాతి కనబడెను. గణపతిగారు, వారి సహచరులు దానిని పరీక్షించి మధ్య అమెరికా ప్రాంతపు తీరములకు చెందినదని గుర్తించిరి. ఓడల అడుగున అంటుకొనియో, తూకమునకై ఓడలు నింపుకొను నీటిలో దాని పిల్లలు దిమ్మరులై వచ్చియో ఇచ్చట దిగినది. అది రేవులోని కొయ్యలను, గోడలను, పడవల అడుగులను దళసరిగా కప్పివేసెను. తరువాత ముంబయిలోనూ కనబడెను. ఓడలలోని తూకపునీటిని శుభ్రపరచవలెనను అంతర్జాతీయ ఒప్పందము 2004లో కుదిరి 2017లో గాని అమలునకు రాలేదు.

ఇట్లు ఋతువొక వంకనుండియు, స్థలము ఇంకొక వంకనుండియు మార్పు తెచ్చుచుండగా, మనుష్యుడు తెచ్చిన మార్పును ఎట్లు వేరుచేయవలెను? చిక్కంతయు ఇచ్చటనే కలదు. ఒకడు ఏప్రిల్‌లో లాసన్స్ బేలో వల వేసి, మరల నవంబరులో వేసి, బాణపుపురుగులు తగ్గినవి గాన సముద్రము పాడయినదని చాటినచో అది తొందరపాటు. అవి ఏటా తగ్గునవే. మరియొకడు తగ్గుట ఋతుధర్మమేయని ఎల్లకాలము సమాధానపడుచున్నచో, నిజముగా కీడు కలిగినపుడును అతడు గుర్తింపలేడు. పలు సంవత్సరముల లెక్క చేతనున్నవానికే ఈ రెండింటిని వేరుచేయుట సాధ్యము.

లెక్కించుటయు సులభము కాదు. కోపిపోడులు పగటివేళ లోతునకు దిగి రాత్రివేళ పైకి వచ్చును. కావున మధ్యాహ్నపు వలను అర్ధరాత్రి వలతో పోల్చరాదు. వల కన్ను పెద్దదైన చిన్నవి జారిపోవును. మరీ సన్ననిదైన డయాటములతో పూడిపోవును. 1959 మొదలు 1965 వరకు పలు దేశములు కలిసి హిందూమహాసముద్రమును పరిశోధించినపుడు ఈ బాధ తప్పించుటకై అన్ని ఓడలకును ఒకే విధమైన వలను నిర్ణయించిరి: మూతి వైశాల్యము ఒక చదరపు మీటరు, కన్ను మిల్లీమీటరులో మూడవవంతు. 200 మీటర్ల లోతునుండి నిలువుగా పైకి లాగిన ఆ వలలలోని ప్రాణులను కొచ్చిలో భద్రపరచి, పలు దేశముల పండితులు జాతులవారీగా పరిశీలించిరి. 1966లో జాతీయ సముద్రవిజ్ఞాన సంస్థ ఏర్పడినది. దాని ప్రాంతీయ కేంద్రము నేడు విశాఖలో లాసన్స్ బే కాలనీలోనే యున్నది.

ఈ లెక్కలతో జాలరికేమి పని? 1914లో నార్వే దేశీయుడైన యోహాన్ యోర్ట్ ఒక ఊహ చేసెను. గ్రుడ్డు వెలువడిన చేపపిల్లకు సంచిలోని పచ్చసొన అయిపోయిన దినములలో తగిన మేత దొరికినచో ఆ ఏటి చేపలు బ్రతుకును. దొరకనిచో గ్రుడ్లెన్ని యున్నను ప్రయోజనముండదని ఆయన తలంచెను. చేపపిల్లకు ఆ మొదటి మేత తరచుగా కోపిపోడు పిల్లయే. తూర్పు తీరమున ఏటా ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు యంత్రపు పడవల వేట నిషేధింపబడియున్నది. ఆ అరువదియొక్క దినములు విశాఖ చేపల రేవులో పడవలు వరుసగా కట్టివేయబడి, జాలరులు వలలు బాగుచేసికొనుచుందురు. పచ్చసొన తరిగిన చేపపిల్లలు, ఆవగింజంతయైన లేని పిల్లలు, అంతకన్న చిన్నదైన మేతకై నీటిలో వెదకుచుండును.