చంటిపిల్లల గదిలోంచి బయటికి రండి



మాది గుంటూరు జిల్లాలో ఒక పల్లె. తాతల నాటినుంచీ లూథరన్ సంఘస్తులం. నాకు 48 ఏళ్లు. మా అత్తగారు పక్షవాతంతో రెండేళ్లు మంచంలో ఉన్నారు. ఒళ్లు తుడవడం, గుడ్డలు మార్చడం, చెంచాతో జావ తాగించడం అన్నీ నేనే చూసుకున్నాను. 11 ఏళ్ల కిందట ఒక రాత్రి ఆమె నన్ను పిలిచారు. వినిపించింది. మంచినీళ్లకే అయి ఉంటుందిలే, పొద్దుటినుంచి లేస్తూనే ఉన్నాను, ఇంక నావల్ల కాదనుకుని దుప్పటి ముసుగేసుకున్నాను. మళ్లీ పిలవలేదు. మా ఆయనా మరిదీ పక్కగదిలోనే ఉన్నారు, వాళ్లకు వినిపించలేదు. తెల్లారి చూస్తే ఒళ్లు చల్లబడిపోయింది.

ఈ సంగతి ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. దేవుడి దగ్గర ఎన్నిసార్లు ఒప్పుకున్నానో లెక్క లేదు. ఉపవాసాలు చేశాను, ఏటా శ్రమల దినాల్లో ఒంటిపూట తింటున్నాను. ఇతరుల కోసం ఎంతసేపైనా ప్రార్థన చేస్తాను, నా కోసం అడగబోతే నోరు పెగలదు. ప్రభువు బల్ల ఇచ్చే ఆదివారం వెనక గదిలో చంటిపిల్లల్ని చూసుకుంటానని నేనే ముందుకొస్తాను. పాస్టరమ్మగారు దానికి నన్ను అందరి ముందూ మెచ్చుకుంటారు. అయోగ్యంగా తీసుకుంటే శిక్షావిధి అని చిన్నప్పటినుంచి విన్నదాన్ని, ధైర్యం చాలదు.

మా అమ్మాయికి రెండు సంబంధాలు కట్నం దగ్గర తప్పిపోయాయి. ఈమధ్య మా ఊరొచ్చిన ఒక దైవసేవకుడు కూడికలో నన్ను చూసి, ఇంట్లో దాచిన పాపం ఆశీర్వాదానికి అడ్డుపడుతోందన్నాడు. ఆ రోజునుంచి నిద్ర లేదు. దేవుడు నన్ను క్షమించాడని ఎలా తెలుసుకోను?

– ఒక సోదరి

అమ్మా, మీ ఉత్తరం చదువుతూ చంటిపిల్లల గది దగ్గర ఆగిపోయాను. రొట్టె విరిచే వేళకు మీరు లేచి వెనక్కి వెళ్లడం, అందరూ దాన్ని సేవ అనుకోవడం, ఆ మెప్పు కూడా మీకు మరో నేరంలా తోచడం! ఇన్నేళ్లు ఎలా భరించారు తల్లీ?

ముందు ఆ దైవసేవకుడి సంగతి తేలుద్దాం. పుట్టుగుడ్డివాణ్ణి చూపించి వీడు పాపం చేశాడా, వీణ్ణి కన్నవాళ్లు చేశారా అని శిష్యులు అడిగితే, ఇద్దరూ కాదని ప్రభువు తేల్చేసిన సంగతి యోహాను సువార్త 9వ అధ్యాయంలో ఉంది. తల్లిదండ్రుల దోషాన్ని బిడ్డ మోయనక్కర్లేదని యెహెజ్కేలు 18వ అధ్యాయం అంతా చెబుతుంది. దిగులు మొహంతో కూర్చున్న ఏ ఆడమనిషితోనైనా నీ ఇంట్లో దాచిన పాపం ఉందంటే ఉలిక్కిపడుతుంది. దానికి ప్రవచన వరం అక్కర్లేదు. ఆ మాటను గడప దాటి లోపలికి రానివ్వకండి. నిద్ర పట్టకపోవడం ఇలాగే సాగితే డాక్టరుకు చూపించుకోండి. అలా వెళ్తే విశ్వాసం తగ్గినట్టేమీ కాదు.

మీరు తప్పే చేయలేదని మాత్రం నేననను. పిలిచినప్పుడు లేవాల్సింది. లేచి ఉంటే ఆమె బతికేవారో లేదో ఏ మనిషీ చెప్పలేడు, దాన్ని తవ్వకండి. లేవలేదన్నది తప్పు, దాన్ని ఒప్పుకున్నారు. ఒప్పుకున్నవాళ్లను దేవుడు క్షమిస్తాడని తన మొదటి పత్రికలో రాసిన యోహాను ఎన్నిసార్లు ఒప్పుకోవాలో లెక్కేం పెట్టలేదు. ఆ పత్రికలోనే, మన గుండె మనమీదే నేరం మోపుతుంటే దేవుడు ఆ గుండెకన్నా గొప్పవాడనీ ఆయనకు సమస్తం తెలుసనీ అంటాడు. సమస్తం అంటే ఆ రాత్రి ఒక్కటే కాదు, అంతకు ముందు రెండేళ్లు మీరు పట్టిన జావ గిన్నెలూ ఉతికిన గుడ్డలూ ఆయనకు తెలుసు.

ఇప్పుడు బల్ల సంగతి. అయోగ్యంగా తీసుకోవద్దన్న ఆ హెచ్చరిక పౌలు ఎవరికి రాశాడు? కొరింథు సంఘంలో కలిగినవాళ్లు తమ భోజనం తాము ముందే తిని, తాగి, లేనివాళ్లను ఆకలితో సిగ్గుపడేలా చేస్తున్నారు. ఆ సంఘాన్ని మందలిస్తూ రాశాడు. అప్పుడైనా, మిమ్మల్ని మీరు పరీక్షించుకుని ఆ రొట్టె తినమనే అన్నాడు. పరీక్షించుకుని గదిలో కూర్చోమనలేదు. మీరు లూథరన్లు కదా, మీ లూథర్ మాటే వినండి. ఎర్ఫుర్ట్ మఠంలో సన్యాసిగా ఉన్నప్పుడు ఆయనా మీలాగే పాపాలు తవ్వుకుంటూ గంటల తరబడి ఒప్పుకునేవాడు. విన్న పెద్దాయన స్టౌపిట్జ్ చివరికి, నీ పాపాలమీదనుంచి చూపు తీసి క్రీస్తు గాయాలమీద పెట్టమన్నాడు. అదే లూథర్ 1529లో ఇంటిల్లిపాదికీ నేర్పడానికి రాసిన చిన్న ఉపదేశ పుస్తకంలో, బల్లకు ఎవరు యోగ్యులన్న ప్రశ్నకు ఏం జవాబిచ్చాడో మీ కన్ఫర్మేషన్ రోజుల్లో నేర్చుకునే ఉంటారు. ఉపవాసం మంచి అలవాటే, కానీ ఇది నా కోసం ఇచ్చిన శరీరం, నా కోసం కార్చిన రక్తం అని నమ్మేవాళ్లే యోగ్యులన్నాడు. మీరు ఉపవాసాన్ని పట్టుకుని ‘నా కోసం’ అన్న మాట వదిలేశారు. ప్రార్థనలో నోరు పెగలనిది కూడా ఆ మాట దగ్గరే.

కృపాసనం దగ్గరికి ధైర్యంగా రమ్మని హెబ్రీ పత్రిక పిలిచేది బలహీనుల్ని, ఆపదలో సాయం కావలసినవాళ్లని. మీరు వెళ్తే ఎవరి చోటూ ఆక్రమించినట్టు కాదు.

మీ పాస్టరుగారిని విడిగా కలిసి ఆ రాత్రి సంగతి చెప్పండి. ఒక్కరి దగ్గర ఒప్పుకుని క్షమాపణ మాట చెవులారా వినే పద్ధతి మీ సంఘ సంప్రదాయంలో ఉంది, ఇలాంటి బరువు కోసమే ఉంది. మన గుండె చెప్పే క్షమాపణను మనం నమ్మం, ఎదుటి మనిషి నోట విన్నది నమ్ముతాం.

ఇంకొక మాట ఉంది, అది మీకు కాదు, మీ ఇంట్లోవాళ్లకు. పక్కగదిలో ఇద్దరు కొడుకులున్నారు, వాళ్లకు వినిపించలేదని రాశారు. రెండేళ్లలో ఎన్ని రాత్రులు వాళ్లకు వినిపించింది? మన ఇళ్లలో మంచంపట్టిన తల్లి పిలిస్తే కోడలి చెవికే వినబడాలి. కొడుకులు పొద్దున లేచి ఎలా ఉందమ్మా అని అడిగితే చాలు, బంగారు కొండలు. అమ్మ పోయాక స్మారక కూడికలో సాక్ష్యం చెప్పేదీ వాళ్లే. దుప్పటి కప్పుకున్న ఒక్క రాత్రి మాత్రం కోడలి లెక్కలోకి వస్తుంది. తల్లిదండ్రుల్ని సన్మానించమన్న ఆజ్ఞలో కొడుకులకు మినహాయింపు నాకెక్కడా కనబడలేదు. చాకిరీ పంచుకోకపోతే ఏదో ఒక రాత్రి ఒకరు లేవలేని స్థితికి వస్తారు, అది ఏ ఇంట్లోనైనా జరుగుతుంది. ఈ ఉత్తరం మీ ఆయనకు చూపించండి. ఆయన తల్లి కోసం మీరు ఒంటరిగా ఏడవడం ఇక చాలు. ఆయన కోప్పడతారని భయమైతే పాస్టరుగారిని పక్కన కూర్చోబెట్టుకుని చెప్పండి.

అమ్మాయి సంబంధాలు కట్నం దగ్గర తప్పాయని మీరే రాశారు. అడిగినంత ఇవ్వలేదు గనక వాళ్లు వెళ్లిపోయారు, అందులో మీ అత్తగారి ప్రసక్తి లేదు. కట్నం కోసం అప్పులు చేయకండి, ముడుపుల పేరుతో ఎవరికీ ఇవ్వకండి. పిల్ల తన కాళ్లమీద తాను నిలబడేదాకా పెళ్లి మాట పక్కనపెట్టండి.