ఓడ ఉద్యోగానికి ఏజెంటును నమ్మవచ్చా?

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ ఎంపీసీ. నాలుగు లక్షలు కడితే నేరుగా ఓడ ఎక్కిస్తానని ఓ ఏజెంటు అంటున్నాడు. నమ్మవచ్చా? – ఓ తల్లి, కాకినాడ

జవాబు: నమ్మకండమ్మా. ఉద్యోగం ఇప్పిస్తామని నావికుల దగ్గర డబ్బు వసూలు చేయడం నిబంధనలకు విరుద్ధం. అసలు అతనికి షిప్పింగ్ డైరెక్టరేట్ ఇచ్చే నావికుల నియామక లైసెన్సు (ఆర్‌పీఎస్‌ఎల్) ఉందా?

ముందు డైరెక్టరేట్ గుర్తించిన డాక్టరుకు బాబు కళ్లు చూపించండి. వర్ణాంధత్వ పరీక్షలో రంగుచుక్కల మధ్య అంకెను పోల్చలేకపోతే, ఓడ నడిపే డెక్ ఆఫీసర్ అయ్యే దారి మూసుకున్నట్టే. రాత్రిపూట ఎదురొచ్చే ఓడ ఎటు పోతోందో దాని ఎడమవైపు ఎర్రదీపం, కుడివైపు పచ్చదీపం చూసే కదా తెలుసుకోవాలి! చూపు బాగుంటే ఇండియన్ మారిటైమ్ యూనివర్సిటీ ప్రవేశ పరీక్ష (ఐఎంయూ సెట్) రాయించండి. ఏడాది నాటికల్ సైన్స్ డిప్లొమా, ఆపై ఓడ మీద 18 నెలల క్యాడెట్ శిక్షణ, తర్వాత సెకండ్ మేట్ పరీక్ష. షిప్పింగ్ కంపెనీ స్పాన్సర్‌షిప్ దొరికాకే ఫీజు కట్టండి. అది లేకుండా చేరినవాళ్లు డిప్లొమా చేతబట్టుకుని ఓడ కోసం నెలల తరబడి తిరగాల్సి వస్తోంది.