కనుమ దాటిన చక్రాలు

ఉద్దేశం

పర్వత మార్గాలలో మోటారు సైకిలు యాత్రకు శరీరం, యంత్రం, మనసు ఎట్లా సన్నద్ధం కావాలో తెలియజేయడం, సాహసానికి దుస్సాహసానికి గల భేదాన్ని విద్యార్థులు గ్రహించేటట్లు చేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

అల్లసాని పెద్దన మనుచరిత్రలో ప్రవరుడు హిమాలయాలను చూడగోరాడు. సిద్ధుడిచ్చిన పసరును పాదాలకు పూసుకొని అనాయాసంగా అక్కడికి చేరుకున్నాడు. మంచు తాకిడికి ఆ పసరు కరిగిపోయింది. చేరడం సులువైంది, తిరిగి రావడం దుష్కరమైంది. శ్రమ లేకుండా లభించిన గమనం ఎంత అస్థిరమో ఈ కథ ధ్వనింపజేస్తుంది. నేటి యువకుని చేతిలో పాదలేపం లేదు. మోటారు సైకిలు ఉంది. అయితే హిమాలయం అడిగే ప్రశ్న మాత్రం మారలేదు.

హైదరాబాదు నడిబొడ్డున ఉన్న బేగంపేటలో 2008 మార్చి వరకు ప్రయాణికుల విమానాలు నడిచిన పాత విమానాశ్రయం ఉంది. అది సముద్రమట్టానికి సుమారు 530 మీటర్ల ఎత్తున ఉంది. లడఖ్‌లోని ఖార్దుంగ్ లా ఎత్తు 5,359 మీటర్లు. అంటే దాదాపు పదింతలు. అమీర్‌పేట, పంజగుట్ట కూడళ్ల రద్దీలో వాహనం నడపడంలో ఆరితేరినవాడు కూడా ఆ ఎత్తున మళ్లీ ఓనమాలు దిద్దవలసిందే.

రెండు కొండల నడుమ దారి ఇచ్చే తావును తెలుగువారు ‘కనుమ’ అన్నారు. లడఖీ, టిబెటన్ భాషలలో దానినే ‘లా’ అంటారు. మనాలీ నుంచి లేహ్ వెళ్లే దారిలో బారాలాచా లా, లాచులుంగ్ లా, తంగ్లంగ్ లా వరుసగా ఎదురవుతాయి. 2020 అక్టోబరులో ప్రారంభమైన 9.02 కిలోమీటర్ల అటల్ సొరంగం రోహ్‌తాంగ్ కనుమను ఎక్కే శ్రమను తప్పించింది; తక్కినవి ఎక్కి దిగవలసినవే. ఈ దుర్గమ ప్రాంతాలలో దారులను నిర్మించి కాపాడుతున్నది 1960లో ఏర్పడిన సరిహద్దు రహదారుల సంస్థ. ఆ సంస్థ ఉమ్లింగ్ లా మీదుగా 19,024 అడుగుల ఎత్తున వేసిన రహదారికి 2021లో గిన్నిస్ గుర్తింపు లభించింది. ఎంత తారు వేసినా కొండచరియలు విరిగిపడతాయి. మంచు కరిగిన నీరు దారిని కోస్తుంది. అక్కడ మళ్లీ కంకరా, గులకరాళ్లే మిగులుతాయి.

ఈ యాత్రలో మొదటి పరీక్ష శరీరానిది. ఖార్దుంగ్ లా వద్ద గాలి పీడనం సముద్రమట్టంలో ఉన్నదానిలో సుమారు సగం. ప్రతి శ్వాసలోనూ అందే ప్రాణవాయువు ఆ మేరకు తగ్గుతుంది. తలనొప్పి, వికారం, తలతిరుగుడు, నిద్రలేమి ఉన్నత ప్రదేశ రుగ్మతకు తొలి హెచ్చరికలు. వాటిని లెక్కచేయక ఇంకా పైకి సాగితే ఊపిరితిత్తులలోనో మెదడులోనో నీరు చేరి ప్రాణాపాయం కలుగవచ్చు. అప్పుడు తక్షణం చేయవలసిన పని కిందికి దిగడం. అందుకే విమానంలో నేరుగా లేహ్ చేరినవారు అక్కడ కనీసం రెండు రోజులు విశ్రమించాలి. ప్రవరుని పసరు వలె విమానం మనిషిని చేర్చగలదు. ఊపిరితిత్తులను సిద్ధం చేయలేదు.

రెండవ పరీక్ష యంత్రానిది. కార్బురేటరు గల పాత బండ్లలో గాలి పలుచబడినా పెట్రోలు దాదాపు అంతే పడుతుంది. మిశ్రమంలో పెట్రోలు పాలు హెచ్చి ఇంజను ఉక్కిరిబిక్కిరవుతుంది. నల్లని పొగ వస్తుంది. నేటి బండ్లలోని ఇంధన ఇంజెక్షను విధానం గాలికి తగినట్లు పెట్రోలును తగ్గిస్తుంది. అయినా గాలి కొరత వల్ల ఇంజను బలం తగ్గక తప్పదు. 2016లో వచ్చిన రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్, 2019లో వచ్చిన హీరో ఎక్స్‌పల్స్ వంటి బండ్లకు పెద్ద ముందు చక్రం, నేలకు ఎత్తుగా ఉండే ఇంజను అమర్చడం ఇటువంటి దారుల కోసమే.

మూడవ పరీక్ష మనసుది. గులకరాళ్లపై చక్రం కొంత జారుతూనే ఉంటుంది. బెదిరిన చోదకుడు హ్యాండిలును బిగించి, ముందు బ్రేకును గట్టిగా నొక్కుతాడు. ముందు చక్రం తప్పి పడిపోతాడు. నేర్చినవాడు పాదపీఠాలపై లేచి నిలబడి, మోకాళ్లతో ట్యాంకును ఒడిసిపట్టి, చేతులను వదులుగా ఉంచుతాడు. బండి అటూ ఇటూ కదిలినా తాను కుదురుగా ఉంటాడు. చూపును ముందున్న రాయిపై గాక తాను వెళ్లవలసిన దారిపై నిలుపుతాడు. వాలులో తక్కువ గేరులో దిగుతూ ఇంజను చేతనే వేగాన్ని అదుపు చేస్తాడు. మంచు కరిగి మధ్యాహ్నానికి వాగులు పొంగుతాయి కనుక వాటిని ఉదయమే దాటుతాడు. లోతు తెలియనిచో దిగడు.

తెలుగునాట ఈ వివేకానికి ఒక చక్కని నిదర్శనం ఉంది. 2018లో జయభారతి నాయకత్వంలో శిల్పా బాలకృష్ణన్, పియా బహదూర్, ఎ.ఎస్.డి. శాంతి, ఆమెతో కలిపి మొత్తం నలుగురు మహిళలు తెలంగాణ పర్యాటక శాఖ ప్రోత్సాహంతో హైదరాబాదు నుంచి మోటారు సైకిళ్లపై బయలుదేరారు. భారత్, మయన్మార్, థాయిలాండ్, లావోస్, కంబోడియా, వియత్నాం దేశాలలో సుమారు 17,000 కిలోమీటర్లు ప్రయాణించారు. ఈ యాత్రను పియా బహదూర్ ‘రోడ్ టు మెకాంగ్’ పేరుతో ఆంగ్లంలో గ్రంథస్థం చేశారు. జయభారతి తరువాత ‘మోవో’ సంస్థ ద్వారా ఎందరో స్త్రీలకు వాహనం నడపడంలో శిక్షణ ఇప్పించారు. తాను దాటిన దారిని పదిమందికి పంచినప్పుడే సాహసం సార్థకమవుతుంది.

నగర వీధులలో శిరస్త్రాణం లేకుండా వేగంగా దూసుకుపోవడాన్ని కొందరు సాహసమని భ్రమిస్తారు. పద్దెనిమిదేళ్లు నిండనిదే గేర్ల మోటారు సైకిలు నడిపే అర్హతను చట్టం ఇవ్వదు. ఆ నిరీక్షణ కూడా సన్నాహంలో భాగమే. ఆకాశం మబ్బుపట్టినా, తోటివానికి ఊపిరి ఆడకున్నా, కనుమ కూతవేటు దూరంలో ఉండగానే వెనుదిరిగేవాడు పిరికివాడు కాడు. కనుమ ఎక్కడికీ పోదు. వచ్చే వేసవికీ అక్కడే ఉంటుంది. ఇంటి గడప వద్ద ఎదురుచూసే కన్నతల్లికి మాత్రం బిడ్డ తిరిగి రావడమే యాత్రాఫలం.

పదాలు - అర్థాలు

అనాయాసంగా : శ్రమ లేకుండా
దుష్కరం : చేయశక్యం కానిది
దుర్గమం : చేరడానికి కష్టమైనది
కనుమ : రెండు కొండల నడిమి దారి
శిరస్త్రాణం : తలకు రక్షణనిచ్చేది, హెల్మెట్
సన్నాహం : ముందస్తు సిద్ధపాటు

సంధులు

యాత్రాఫలం పదాన్ని విగ్రహవాక్యంతో వివరించి సమాసం పేరు తెలపండి. ప్రాణాపాయం, హిమాలయం పదాలను విడదీసి సంధి పేరు రాయండి.

ప్రశ్నలు

1. ప్రవరుని హిమాలయ యాత్రకు, నేటి మోటారు సైకిలు యాత్రకు గల పోలికను వివరించండి.
2. ఎత్తైన ప్రదేశాలలో శరీరం, యంత్రం ఎదుర్కొనే ఇబ్బందులేవి? వాటికి కారణమేమి?
3. గులకరాళ్ల దారిలో నేర్పరియైన చోదకుడు పాటించే మెలకువలను తెలపండి.
4. ‘వెనుదిరిగేవాడు పిరికివాడు కాడు’ - ఈ వాక్యాన్ని సమర్థిస్తూ మీ అభిప్రాయం రాయండి.