ఉబ్బస రోగి ఉపవాసం

గత రమజానులో అసర్ నమాజు ముగిశాక మా మస్జిదులో ఒక యువకుడు గోడకు ఆనుకుని కూలబడ్డాడు. ఛాతీలో పిల్లికూతలు. జేబులో ఇన్‌హేలర్ ఉంది. వాడమంటే "రోజా..." అని మాత్రం అని తల అడ్డంగా ఊపాడు. మేము పట్టుబట్టి వాడించి ఆసుపత్రికి తీసుకెళ్ళాము. రోజూ పీల్చాల్సిన మందును షాబాన్‌లోనే మానేసి కలోంజీ, తేనెతో సరిపెట్టుకున్నాడని తర్వాత తెలిసింది.

సోదరులారా! వ్యాధిగ్రస్తులు ఉపవాసాన్ని వేరే దినాలలో పూర్తిచేసుకోవచ్చని బఖరా సూరా 184, 185 ఆయతులలో అల్లాహ్ సౌలభ్యం ఇచ్చాడు. ఇన్‌హేలర్‌తో ఉపవాసం భంగమవదని షేఖ్ ఇబ్నె బాజ్, షేఖ్ ఇబ్నె ఉసైమీన్ అన్నారు. భంగమవుతుందని, బదులుగా ఒక ఉపవాసం ఖజా చేయాలని మన ప్రాంతపు హనఫీ ఉలమాలు ఎక్కువగా చెబుతారు. కానీ ఊపిరి ఆడనప్పుడు మందు మానుకొమ్మని ఎవరూ అనలేదు. ఖజాకు రేపు ఉంది, ప్రాణానికి లేదు.

అసలు సంగతి ఏమిటంటే, ఉబ్బసంలో శ్వాసనాళాల లోపలి పొర వాచి ఉంటుంది. ఆయాసం లేని రోజుల్లోనూ ఆ వాపు పోదు. దాన్ని తగ్గించేది రోజువారీ మందు. చాలామందికి ఇది రెండు పూటలే కనుక సహరీకి, ఇఫ్తార్‌కు సర్దుకోవచ్చు. రమజానుకు ముందే వైద్యుణ్ణి అడిగి వేళలు నిర్ణయించుకోవాలి. ఈ మందు పీల్చాక నోరు పుక్కిలించి ఉమ్మేయాలి, లేకుంటే నోట్లో పూత వస్తుంది. వెంటనే వుజూ చేసుకుంటే ఆ పనీ అయిపోతుంది. తక్షణ ఉపశమనం ఇచ్చే ఇన్‌హేలర్ ఒక్కదానితోనే సరిపెట్టుకోవద్దని 2019 నుంచి అంతర్జాతీయ మార్గదర్శకాలు కూడా చెబుతున్నాయి.

"ఇన్‌హేలర్ అలవాటైపోతుంది, మాత్రలే మేలు" అనేవారు మనలో ఎక్కువ. లెక్క చూడండి: సాల్బుటమాల్ మాత్రలో 4 మిల్లీగ్రాములు ఉంటే, ఇన్‌హేలర్ ఒక్కసారి నొక్కితే వచ్చేది 100 మైక్రోగ్రాములు. అంటే నలభయ్యో వంతు!

ఇక ఇంటి సంగతి. గురువారం సాయంత్రం ఊదు, సాంబ్రాణి వేయడం మనలో చాలామందికి అలవాటు. సువాసన మంచిదే, కానీ రోగి ఊపిరితిత్తులకు అది పొగే. దోమల చుట్టలు, కట్టెల పొయ్యి, ఘాటైన అత్తరు కూడా కొందరికి పడవు. దిండు గలీబులు, దుప్పట్లు వారానికోసారి వేడినీళ్ళతో ఉతకాలి. కంటికి కనిపించని ధూళి పురుగులు ఉండేది వాటిలోనే. పచ్చి వెల్లుల్లి తిని మస్జిదుకు రావద్దని దైవప్రవక్త (స) వారించారు, పక్కవారికి ఇబ్బంది గనుక. మరి బీడీ కాల్చి వచ్చి సఫ్‌లో నిలబడేవారు ఏమంటారో!

కలోంజీ, తేనె శుభకరమైనవే. మేమూ తింటాము. ఏడాది నిండని బిడ్డకు మాత్రం తేనె నాకించకూడదు. అవి మందుకు తోడుగా ఉండాలే గాని, మందు స్థానంలోకి రాకూడదు. ఒంటె కాలు కట్టి ఆ తర్వాత అల్లాహ్‌పై భారం వేయమన్న ప్రవక్త (స) బోధన ఇక్కడా వర్తిస్తుంది. బరువు తగ్గడం, రోజూ నడవడం, శ్వాస వ్యాయామాలు ఆయాసాన్ని కొంత తేలిక చేస్తాయి.

మాట పూర్తిచేయలేకపోవడం, పెదవులు నీలం కావడం, పిల్లల్లో డొక్కలు లోపలికి పోవడం, ఇన్‌హేలర్ వాడినా తగ్గకపోవడం - వీటిలో ఏది కనిపించినా ఇఫ్తార్ కోసం ఎదురుచూడక వెంటనే 108కి ఫోను చేయండి.