మళ్లీ బొటనవేలా?

"కష్టపడి సంతకం నేర్చుకున్నం. రేషన్ దుకాణంల మిషన్ మీద మళ్లీ బొటనవేలు పెట్టమంటున్నరేంది సారూ?"

కొల్లాపూర్‌లో ఒక అక్క ఇట్లా అడిగింది. మంచి ప్రశ్న.

పాత వేలిముద్ర వేరు. సిరాలో అద్ది కాగితం మీద వేసేవాళ్లం. ఆ కాగితంలో ఏం రాశారో మనకు తెలియదు. వంద ఇచ్చి రెండు వందలు రాసుకున్నా అడగలేకపోయేవాళ్లం. మిషన్ వేలిముద్ర అట్లాంటిది కాదు. వచ్చిన మనిషి ఎవరో పోల్చుకోవడానికే అది. చదువుకున్నవాళ్లు కూడా వేలు పెట్టాల్సిందే.

2006లో అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో స్మార్ట్ కార్డులు మొదలయ్యాయి. పింఛన్లు, ఉపాధి కూలి ఆ కార్డు మీద ఇచ్చేవారు. కార్డులో బొట్టుబిళ్లంత చిప్పు ఉండేది. మన వేలి గుర్తులు, ఖాతా వివరాలు అందులో దాచేవారు. పైసలు ఇచ్చేది ఎవరనుకున్నారు? ఆ ఊరి ఆడమనిషే! పదో తరగతి చదివిన పొదుపు సంఘం అక్క. కార్డు, వేలు కలిస్తేనే పైసలు. మిషన్ చీటీ ఇచ్చేది. కొన్ని మిషన్లయితే లెక్కను తెలుగులో పైకి చెప్పేవి కూడా.

నల్లగొండతో కలిపి 8 జిల్లాల్లో 2010 నుంచి 2012 వరకు దీన్ని పరిశీలించారు. కార్డులు వచ్చిన మండలాల్లో కూలి తీసుకునేందుకు పట్టే సమయం సుమారు 22 నిమిషాలు తగ్గింది. మధ్యలో మాయమయ్యే పైసలు కూడా తగ్గాయి.

తర్వాత ఆ కార్డులు పోయాయి. చిప్పు మాత్రం పోలేదు. ఫోన్‌లో వేసే సిమ్ము కూడా చిప్పు కార్డే. ఏటీఎం కార్డు మీద మెరిసే బిళ్ల కూడా అదే. ఏటీఎం వేలు అడగదు, 4 అంకెల పిన్ అడుగుతుంది. బ్యాంకు నుంచి అని ఫోన్ చేసినా పిన్ చెప్పవద్దు. కార్డు మీద రాసిపెట్టవద్దు. మనకు అంకెలు వచ్చు కదా, మనమే నొక్కుదాం.

రాళ్లు మోసి, పత్తి ఏరి వేళ్ల గీతలు అరుగుతాయి. అప్పుడు మిషన్ గుర్తుపట్టదు. అది మన తప్పు కాదు. చెయ్యి కడిగి తుడుచుకొని ఇంకో వేలు పెట్టి చూడాలి. పైసలు తీసేటప్పుడు "పడలేదు, మళ్లీ పెట్టు" అంటే ముందు చీటీ అడగండి. ఎందుకంటే మొదటిసారే పైసలు పోయి ఉండవచ్చు.

ఈ చీటీ చదవండి:

ఖాతాలో ఉన్నవి: రూ. 2,400
తీసుకున్నవి: రూ. 1,000
మిగిలినవి: రూ. 900

లెక్క సరిగా ఉందా? ఎన్ని రూపాయలు తక్కువ? మీరైతే ఏమని అడుగుతారు? పలకమీద రాయండి.