నేల కింది దుంప – గోడ మీది బొమ్మ

వృక్షశాస్త్రం చదివేవాడికి చిత్రలేఖనంతో పనేమిటని మిత్రులు అడగవచ్చు. కారణం ఒక మొక్క. దాని శాస్త్రనామం విగ్నా లాన్సియోలేటా. మన మినుము, పెసర, అలసంద ఏ ప్రజాతివో అదీ ఆ ప్రజాతిదే. కాకపోతే నేల కింద సన్నటి దుంప ఊరుతుంది. మధ్య ఆస్ట్రేలియా ఎడారిలో ఆదివాసులు దాన్ని తవ్వుకుని తింటారు. ఇంగ్లీషువాళ్ళు పెన్సిల్ యామ్ అన్నారు గానీ, మన పెండలానికీ దానికీ చుట్టరికం లేదు.

ఆ మొక్క గింజ పేరే తన పేరుగా గల చిత్రకారిణి ఎమిలీ కామె ఉంగ్వారే. 'కామె' అంటే ఆ గింజ. సుమారు 1910లో, ఆలిస్ స్ప్రింగ్స్‌కు ఈశాన్యాన యుటోపియా ప్రాంతంలో పుట్టింది. తెల్లదొరల పశువుల క్షేత్రాల్లో పనిచేసింది. 1977లో అక్కడి స్త్రీలకు బాతిక్ నేర్పారు. గుడ్డమీద కరిగిన మైనంతో గీస్తే అక్కడ రంగు అంటదు. మన శ్రీకాళహస్తి కలంకారీలో నీలిమందు అంటకుండా చేసేదీ ఇదే. క్యాన్వాసు పట్టేసరికి ఆమెకు 80 ఏళ్ళు దగ్గరపడ్డాయి. 1996లో చనిపోయేలోగా సుమారు 3000 చిత్రాలు వేసిందంటారు. అంటే దాదాపు రోజుకొకటి!

1995 నాటి 'బిగ్ యామ్ డ్రీమింగ్' 8 మీటర్ల వెడల్పు. నల్లటి నేపథ్యం, తెల్లటి గీతలు, అంతే. నేలమీద కూచుని రెండు రోజుల్లో ముగించింది. 'డ్రీమింగ్' అంటే కల కాదు. పూర్వీకులు ఆ నేలను సృష్టించి, దానికి పెట్టిన ధర్మం. ఆ గీతలు దుంప వేళ్ళు. దుంప ఊరినప్పుడు నేలలో వచ్చే పగుళ్ళు కూడా. చిలగడదుంప ఊరితే బోదె పగులుతుందని రైతుబిడ్డలకు వేరే చెప్పాలా? స్త్రీలు తమ వేడుకల్లో ఒంటిమీద దిద్దుకునే చారలు కూడా ఆమె కుంచెలోకి వచ్చాయి.

విమర్శకులు కొందరు దీన్ని పాశ్చాత్య నైరూప్య చిత్రాలతో పోల్చారు. నాకు నచ్చలేదు. ఇందులో నైరూప్యమేముంది? అది పట్టా లేని రైతు గీసిన పొలం పటం లాంటిది. 1976 చట్టం వచ్చాకగానీ అక్కడి ఆదివాసులకు తమ భూమి తమదని నిరూపించుకునే అవకాశమే లేదు. యుటోపియా వాళ్ళు ఆ హక్కు సాధించుకున్నారు. ఆ పోరాటంలో ఆడవాళ్ళ పాత్ర పెద్దది.

ఆమె సంపాదనపై ఎందరో బంధువులు బతికారు. 1994లో వేసిన 'ఎర్త్స్ క్రియేషన్' 2007 వేలంలో పదిన్నర లక్షల ఆస్ట్రేలియన్ డాలర్లు, 2017లో 21 లక్షలు పలికింది. అప్పటికి ఆమె లేదు.